పొలమారితే తల తట్టేవాళ్లేరీ?

అన్నం తింటుంటే ఒక మెతుకు అడ్డం పడుద్ది. నీళ్లు తాగుతుంటే ఒక గుక్క దారి తప్పుద్ది. పొలమారింది అంటాం. ముక్కులోకి ఎక్కి, కళ్లల్లో నీళ్లు తిరిగి, ఉక్కిరిబిక్కిరై దగ్గుతాం. పక్కనున్న అమ్మ గబుక్కున నెత్తిన తట్టి 'ఎవరో తలుచుకుంటున్నారురా' అంటుంది. తలుచుకునేది ఎవరో గానీ, మనల్ని బతికించేది మాత్రం ఆ దగ్గే. అన్నం దిగే గొట్టం, ఊపిరి పోయే గొట్టం పక్కపక్కనే ఉంటాయి. దారి తప్పినదాన్ని బయటికి తన్నేది దగ్గు. ఊపిరితిత్తుల గుమ్మం ముందు కూర్చున్న కావలి మనిషి అది.

ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చినప్పుడు ఆ కావలి మనిషి కూడా నిద్రపోతాడు. మింగడం ఉండదు, దగ్గడం ఉండదు. నోట్లో ఏది పోస్తే అది పల్లానికి పారినట్టు లోపలికి పారుద్ది. అప్పుడు కావలి కాయాల్సింది ఆ గదిలో ఉన్న మనుషులు. వాళ్లు కాయకపోతే? ఈ పక్షం సంపాదకీయం ఆ ప్రశ్న గురించే.

ఇది రాయడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా పెద్దమ్మ పొగాకు కంపెనీల్లో ఆకు ఏరి ఏరి వేళ్లు నల్లబడిన మనిషి. పుచ్చిపోయిన దవడ పన్నును పట్టించుకునే తీరిక లేక, డబ్బు లేక రెండేళ్లు లవంగంతో, ఉప్పునీళ్లతో గడిపింది. చీము దవడ ఎముకలోకి దిగింది. ముఖం వాచి నోరు తెరుచుకోని స్థితిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆపరేషన్ చేసి చీము తీశారు, పాడైన ఎముక గీకారు. బాగానే చేశారు. కానీ ఆ సాయంత్రమే పెద్దమ్మకు దగ్గు మొదలైంది. ఆగని దగ్గు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నిలవలేదు. మా అక్క పోయి చెబితే 'మత్తు దిగేటప్పుడు అట్టనే ఉంటదిలే, గమ్మునుండు' అన్నారు. రాత్రి పెదాలు నీలం తిరిగాయి. అప్పుడు పరుగులు పెట్టారు. తెల్లారి ఎక్స్‌రే తీస్తే కుడి ఊపిరితిత్తి కింద భాగమంతా తెల్లగా మబ్బు పట్టినట్టుంది. పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది.

ఏమైంది సారూ అని అడిగితే 'నెమ్ము చేసింది. చుట్టలు తాగుద్దా?' అన్నారు. జన్మలో చుట్ట ముట్టని మనిషి. పొగాకు ఆకు ఏరిందేగానీ పొగ తాగలేదు. అయినా కాగితం మీద మాత్రం పొగతాగే మనిషి అని రాసుకున్నారు. నాలుగో రోజు ఒక హౌస్ సర్జన్, మన వాడ నుంచి చదువుకుని వచ్చిన కుర్రాడే, నన్ను మెట్ల కిందికి పిలిచి చెవిలో చెప్పాడు. 'నోరు కడిగిన మందు లోపలికి పోయిందన్నా. గొంతులో గుడ్డ పెట్టలా. పీల్చే మిషను ఆ టయానికి పక్క బల్ల దగ్గరుంది. నా పేరు మాత్రం చెప్పొద్దు.' కేసు షీటులో ఆ ముక్క ఎక్కడా లేదు. మందు పేరు లేదు, ఎంత పోశారో లేదు, గుడ్డ ఊసే లేదు. నెమ్ము అని మాత్రం ఉంది.

పెద్దమ్మ బతికింది. కానీ ఇప్పటికీ చెరువు గట్టు ఎక్కలేదు. ఏరుడు పనికి పోలేదు. నెమ్ము ఎలా వచ్చిందని అడిగే హక్కు మనకుందని అప్పట్లో మాకు తెలియదు. తెలియని మనలాంటి వాళ్లు ఇంకెందరో ఉంటారని ఇప్పుడు రాస్తున్నాను.

ముందు విషయం తెలుసుకుందాం. తెలియనిదాని మీద కొట్లాడలేం.

నోటి ఆపరేషన్‌కు ముందు, ఆపరేషన్ సాగుతుండగా, అయిపోయాక నోటిని క్రిములు చంపే మందుతో కడుగుతారు. ఎర్రగా ఉండే బెటాడిన్ అంటే పొవిడోన్ అయొడిన్. కొన్నిచోట్ల క్లోర్‌హెక్సిడిన్. కొన్నిచోట్ల నురుగు వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్. వీటిని తప్పు పట్టడం లేదు. కడగకపోతే పుండు చీము పడుద్ది. నోరు క్రిముల పుట్ట. కడగాల్సిందే. కానీ ఈ మందులు చర్మానికీ, నోటికీ, పుండుకూ పనికొచ్చేవి. ఊపిరితిత్తులకు పనికిరావు. ఊపిరితిత్తి లోపల ఉండేవి చిన్నచిన్న గాలి సంచులు. వాటి గోడ కన్నుపొర కన్నా పల్చన. గాలి ఒక పక్క, నెత్తురు ఒక పక్క. క్రిమిని చంపే మందు అక్కడ పడితే క్రిమినీ గోడనూ వేరుచేసి చూడదు. గోడ కాలుద్ది, వాచుద్ది. నెత్తుటిలోని నీరు సంచుల్లోకి ఊరుద్ది. గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలుస్తాయి. పొలంలో నీళ్లు నిలిచి పైరు ఊపిరాడక కుళ్లినట్టు.

ఇది మన ఊళ్లకు కొత్త సంగతి కాదు. కిరసనాయిలు దీపాలున్న రోజుల్లో మన గుడిసెల్లో దాహమేసిన పసిపిల్లలు నీళ్లనుకుని సీసాలో కిరసనాయిలు తాగేవాళ్లు. పిల్లోడు కడుపులో నూనెతో చావడు, ఊపిరితిత్తుల్లోకి పోయిన నాలుగు చుక్కలతో చస్తాడు. అందుకే వాంతి చేయించొద్దని డాక్టర్లు నెత్తీనోరూ కొట్టుకుని చెప్పేవాళ్లు. వాంతిలో అది మళ్లీ పైకొచ్చి ఊపిరిగొట్టంలోకి దిగుద్దని. నోట్లో కడిగిన మందు సంగతీ అదే. పొట్టలోకి పోతే ఒక తీరు, ఊపిరిలోకి పోతే ఇంకో తీరు.

డాక్టర్లకూ కొత్త కాదు. 1946లోనే న్యూయార్కులో మెండెల్సన్ అనే డాక్టరు దీని చుట్టపు జబ్బును బయటపెట్టాడు. 44,016 కాన్పుల్ని పరిశీలిస్తే మత్తు ఇచ్చిన తల్లుల్లో 66 మందికి పొట్టలో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయిందని లెక్క తేల్చి రాశాడు. పొట్టలోని పులుపు ఊపిరితిత్తిని ఎట్లా కాలుస్తుందో చూపించాడు. ఆపరేషన్‌కు ముందు ఏమీ తినొద్దు అనే మాట మీద ప్రపంచమంతా అంత పట్టుబట్టడానికి ఆయన పని ఒక పెద్ద కారణం. బెటాడిన్ ఊపిరితిత్తుల్లోకి పోయి వచ్చిన జబ్బు గురించి 2012లో ముఖం, కపాలం ఆపరేషన్ల పత్రిక ఒకదానిలో కేసు రిపోర్టు అచ్చయింది. అంటే పెద్ద దేశాల్లో, పెద్ద ఆస్పత్రుల్లో కూడా ఇది జరుగుద్ది. తేడా ఒకటే. అక్కడ కొందరైనా జరిగింది జరిగినట్టు రాసి పదిమంది డాక్టర్లకు చెప్పారు. ఇక్కడ నెమ్ము అని రాసి దస్త్రం కట్టేశారు. రాసినచోట తర్వాతి రోగి బతుకుతాడు. దాచినచోట తర్వాతి రోగి కూడా అదే బల్ల మీదికి అట్టనే పోతాడు.

ఇది తప్పించలేని ప్రమాదమా? అరుదుగా వచ్చేదేగానీ చాలావరకు తప్పించగలిగిందే. ఎట్లాగో వినండి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఊపిరిగొట్టంలోకి ట్యూబు వేస్తారు. ఆ ట్యూబు చివర చిన్న బుడగ ఉంటుంది. దాంట్లో గాలి నింపితే చుట్టూ అంటుకుని దారి మూస్తుంది. ఆ బుడగ సరిగా నిండిందో లేదో చూడాలి. నిండినా దాని ముడతల పక్కనుంచి చుక్కచుక్కగా దిగే వీలుంది. పిల్లలకు బుడగ లేని ట్యూబు వేస్తే ఆ వీలు ఇంకా ఎక్కువ. అందుకని నోటి ఆపరేషన్లలో గొంతులో తడిపిన గుడ్డను కుక్కి అడ్డం పెడతారు. త్రోట్ ప్యాక్ అంటారు. పోసిన మందును పోసినట్టే పీల్చే గొట్టంతో లాగాలి. బిందెలు పోసినట్టు పోయకూడదు. చివరికి నోరంతా పీల్చి, గుడ్డ తీసి, లోపల ఏమీ మిగల్లేదని కళ్లతో చూసి, రోగికి దగ్గు తిరిగి వచ్చాకే ట్యూబు తీయాలి. ఆ గుడ్డను మర్చిపోతే అదే ఊపిరికి అడ్డం పడి చంపుద్ది. కాబట్టి పెట్టినట్టు రాయాలి, తీసినట్టు రాయాలి, ఒకరు తీస్తే ఇంకొకరు లెక్క చూడాలి. దవడకే సూది ఇచ్చి మెలకువలో చేసే చిన్న ఆపరేషన్లలోనూ జాగ్రత్త తప్పదు. గొంతు మొద్దుబారితే దగ్గు బలం తగ్గుద్ది. వెల్లకిలా పడుకున్న మనిషి నోట్లో నీళ్లు నింపి పీల్చకుండా వదిలితే మెలకువలో ఉన్నా పొలమారుద్ది.

చూశారా, ఇందులో కోట్ల రూపాయల మిషను ఏది? ఒక గుడ్డ. ఒక పీల్చే గొట్టం. ఒక గీత పెట్టే కాగితం. ఒక కళ్లు తెరిచిన మనిషి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ గదికి ఒక సరిచూసుకునే పట్టీ తయారుచేసింది. రోగి పేరేమిటి, ఏ ఆపరేషన్, గుడ్డలు లెక్క సరిపోయాయా, ఊపిరికి ఇబ్బంది రావచ్చా, ఇట్లాంటి ప్రశ్నలు గొంతెత్తి అడిగి జవాబు చెప్పించుకోవాలి. ఎనిమిది నగరాల్లో దీన్ని అమలు చేసి చూశారు. అందులో మన ఢిల్లీ కూడా ఉంది. 2009లో లెక్కలు అచ్చయ్యాయి. ఆపరేషన్ తర్వాత చావులు నూటికి 1.5 నుంచి 0.8కి దిగాయి. ఒక్క కాగితం ముక్క, ఒకరినొకరు అడిగే అలవాటు ఇంత పని చేశాయి. మరి ఆ కాగితం మన పెద్దాసుపత్రి బల్ల దగ్గర గోడకు వేలాడుతుందా, చేతిలో ఆడుతుందా? అడగాల్సింది అదీ.

ఇది డాక్టర్ల గొడవ, దళిత ఉద్యమ పత్రికకు ఏం పని అని కొందరు అనొచ్చు. పని ఉంది.

నోటి జబ్బులు ఎవరికి ముదురుతాయి? ప్రపంచంలో నోటి కాన్సర్ వచ్చేవాళ్లలో సుమారు మూడోవంతు మన దేశంలోనే ఉన్నారు. గుట్కా, ఖైనీ, బీడీ ఎవరి జేబుల్లో ఉంటాయి? ఆకలిని, అలసటను చంపుకోవడానికి నమిలేవాళ్ల జేబుల్లో. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిలి కాలి కాన్సర్ వచ్చేది ఆ పేద ఇళ్లల్లోనే. గ్రహణం మొర్రితో పుట్టిన బిడ్డను గ్రహణం నాడు తల్లి ఏదో చేసిందని ఆడిపోసుకుని, చివరికి ఏ ఉచిత క్యాంపుకో తీసుకుపోయేదీ మనమే. పన్ను నొప్పి పుట్టిన నాడే డాక్టరు దగ్గరికి పోయే స్తోమత ఉన్నోడికి దవడ ఎముక గీకే పని రాదు. అంటే ఆ బల్ల ఎక్కేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. చదువుకునే డాక్టర్లు చెయ్యి తిప్పుకునేదీ మన నోళ్ల మీదే. నేర్చుకోనీండి, కాదనం. నేర్పేవాడు పక్కన నిలబడాలి అంటున్నాం.

ఇక నోరు అనే మాటకు ఈ దేశంలో ఉన్న చరిత్ర వేరు. మన ఉమ్మి నేల మీద పడితే నేల మైలపడుద్దని పీష్వాల పూనాలో మెడకు ముంత కట్టించారు. అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఆ సంగతి రాశారు. మన నోరు తగిలిన గ్లాసు మైలపడుద్దని మన ఊళ్ల టీ బంకుల్లో రెండు గ్లాసులు పెట్టారు. ఆ నోటిని తెరిచి, లోపల చెయ్యి పెట్టి, ఓపికగా తుడిచి, పీల్చి, మళ్లీ చూసి మూయాలంటే ఆ మనిషిని మనిషిగా చూసే మనసు కావాలి. చదువుతో పాటు అదికూడా కావాలి.

మందూ మాకూ ఉన్నా ముట్టుకోకపోతే ఏమవుతుందో అంబేద్కరే ఇంకోచోట చూపించారు. కథియవాడ్‌లో ఒక దళిత బడిపంతులు భార్య బిడ్డను కని జబ్బుపడింది. ఊపిరి ఆడటం కష్టమైంది. డాక్టరును పిలిస్తే అంటరానివాడకు రానన్నాడు. పెద్దమనుషుల్ని బతిమాలి, రెండు రూపాయల ఫీజు ఒప్పుకుని తెస్తే, బాలింతను వాడ బయటికి తెస్తేనే చూస్తానన్నాడు. థర్మామీటరును ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకు పెట్టాడు, మళ్లీ అదే వరసలో వెనక్కి వెళ్లింది. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు, వెళ్లిపోయాడు. ఆమె చనిపోయింది. ఆ పంతులు రాసిన ఉత్తరం 1929 డిసెంబరులో గాంధీ పత్రిక యంగ్ ఇండియాలో వచ్చింది. దాన్ని అంబేద్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో చేర్చారు. చూడండి, జబ్బు పేరు చెప్పడంలో ఆ డాక్టరు తప్పు చెప్పలేదు. న్యుమోనియానే. గుండె మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి వినలేదు. మళ్లీ వచ్చి చూడలేదు. చేయాల్సిన పని వదిలేసి పేరు మాత్రం పెట్టిపోయాడు. మా పెద్దమ్మ కేసు షీటు మీద నెమ్ము అనే మాట చూసినప్పుడల్లా నాకు ఆ దీపం, ఆ థర్మామీటరు గుర్తొస్తాయి. ఇప్పుడు ముట్టుకోం అని ఎవరూ నోటితో అనరు. 'గమ్మునుండు' అంటారు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. పెద్దమ్మ బల్ల మీద ఉన్నప్పుడు పీల్చే మిషను పక్క బల్ల దగ్గర ఉందంటే ఆ డాక్టరు కులమొక్కటే కారణమని మేం అనడం లేదు. రెండు బల్లలకు ఒక మిషను కొన్న సర్కారు ఉంది. ఒక్క మత్తు డాక్టరుతో పూటకు ఎన్నో కేసులు చేయించే ఆస్పత్రి ఉంది. నర్సు పోస్టులు నింపని పాలన ఉంది. రాత్రి వార్డులో ఒక్క నర్సమ్మ మంచాల మధ్య పరుగెత్తుతుంది. మిషను సీసాలు కడిగే కాంట్రాక్టు పనిమనిషికి నెలనెలా జీతం రాదు, ఆమె మన వాడ మనిషే. రేపు విచారణ పెడితే తప్పు తీసుకుపోయి ఆమె నెత్తిన రుద్దుతారు. అది మనం ఒప్పుకోకూడదు. పైన ఉన్నోడి లోటును కింద ఉన్నోడి మీద దులపడం ఈ దేశంలో పాత విద్య.

ఇంకో మాట. కడుపు మండి డాక్టరు మీద చెయ్యి చేసుకోవద్దు, అద్దాలు పగలగొట్టొద్దు. ఆస్పత్రుల మీద దాడులకు 2008లోనే మన రాష్ట్రంలో చట్టం తెచ్చారు. జైలుకు పోయేది మన పిల్లలు, కేసు షీటు మాత్రం మాయమవుద్ది. అద్దం పగిలితే వార్త అద్దం గురించే వస్తుంది, ఊపిరితిత్తి గురించి రాదు. మన ఆయుధం కాగితం.

ఆ కాగితానికి బలం ఉంది. భారత వైద్య మండలి 2002 నియమాల ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డు మూడేళ్లు దాచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. సర్కారు ఆస్పత్రి అయితే 2005 సమాచార హక్కు చట్టం ఉంది. ఏ ఆపరేషన్ ఎందుకు, దాంట్లో ప్రమాదాలేంటి అని అర్థమయ్యేట్టు చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో తేల్చింది. ఇంగ్లీషు కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం ఒప్పుకోలు కాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. కులం పేరుతో తేడా చూపకూడదని అందులో ఉంది. 2015లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలో ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి మనల్ని రానీయకుండా అడ్డుకోవడం కూడా నేరమని రాశారు.

నష్టపరిహారం సంగతి కూడా తెలుసుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లో సుప్రీంకోర్టు శాంత కేసులో చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సర్కారు ఆస్పత్రి దాని కిందికి రాదు. కానీ కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రిలో ఉచితంగా చేయించుకున్నోడికీ ఆ హక్కు ఉంది. రోగి తరఫున బీమా కంపెనీ కట్టినా అది డబ్బు తీసుకున్న వైద్యమే. కాబట్టి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి కార్డు మీద ప్రైవేటులో చేయించుకున్నవాళ్లను 'ఊరికే చేశాం గదా' అని నోరు మూయిస్తే ఊరుకోవద్దు. ఎవరో ఒకరు కట్టారు. ఆ కట్టింది మన పన్నే. పోలీసు కేసు మాత్రం ప్రతిదానికీ నిలబడదు. పెద్ద నిర్లక్ష్యం ఉంటేనే క్రిమినల్ కేసని 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు వచ్చింది. అది తెలుసుకుని అడుగు వేయాలి.

ఇప్పుడు చేతిలో పట్టుకుని పోవాల్సిన నాలుగు ముక్కలు. కార్యకర్తలు వీటిని వాడలో చదివి వినిపించండి.

ఆపరేషన్‌కు ముందు. ఎన్నింటికి తిన్నారో, తాగారో నిజం చెప్పండి. 'టీనే గదా' అని దాచొద్దు, పొట్టలోది పైకొచ్చినా ఊపిరితిత్తికి అదే ముప్పు. ఊగే పళ్లుంటే, కట్టుడు పళ్లుంటే, ఉబ్బసం ఉంటే, బీడీ చుట్ట అలవాటుంటే, ఏ మందైనా పడకపోతే చెప్పండి. తర్వాత మర్యాదగా రెండు ప్రశ్నలు అడగండి. 'నోరు కడిగే మందు లోపలికి పోకుండా ఏం జాగ్రత్త తీసుకుంటారయ్యా? గొంతులో గుడ్డ పెడితే తీసినట్టు రాస్తారా?' అడిగినందుకు ఎవరూ ఆపరేషన్ ఆపరు. వీళ్లకు తెలుసు అని ఒక్కసారి అనిపిస్తే చాలు, ఆ పూట ఒక కన్ను ఎక్కువ తెరుచుకుంటుంది.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు రోజులు కళ్లల్లో ఒత్తులేసుకుని చూడండి. ఆగని దగ్గు, పిల్లికూత లాంటి ఊపిరి, నురుగు, రొమ్ము ఎగిరెగిరి పడటం, పెదాలు గోళ్లు నీలం తిరగడం, మగతగా అయిపోవడం, జ్వరం. ఇవి గంటల్లోనే రావచ్చు, మొదట తక్కువగా ఉండి ఒకటి రెండు రోజుల్లో ముదరనూ వచ్చు. వేలికి తగిలించే ఆక్సిజన్ మిషను అంకె అడగండి. మామూలు మనిషికి 95, ఆపైన ఉండాలి. తగ్గుతూ పోతుంటే వెంటనే డాక్టరును పిలిపించండి. వాళ్లు వచ్చేలోపు మంచినీళ్లు, టీ పట్టకండి. కూర్చోబెట్టొచ్చో లేదో నర్సమ్మను అడిగి కూర్చోబెట్టండి. 'ఊపిరితిత్తుల్లోకి ఏమైనా పోయిందేమో చూడండి, ఎక్స్‌రే తీయండి' అని గట్టిగా చెప్పండి. తొందరగా పట్టుకుంటే పీల్చి తీయగలిగింది తీస్తారు, ఆక్సిజన్ పెడతారు, అవసరమైతే మిషను మీద ఊపిరి ఇస్తారు. చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతేనే చేటు.

ఊళ్లోనూ జాగ్రత్త. పంటి నొప్పికి డెట్టాలు, స్పిరిటు పుక్కిలించడం మానండి. మత్తుగా ఉన్న మనిషి నోట్లో, ఏడుస్తున్న పిల్లోడి నోట్లో ఏ మందూ పోయొద్దు.

మన డిమాండ్లు కూడా రాసుకోండి. నోటి ఆపరేషన్లు చేసే ప్రతి బల్లకూ పని చేసే పీల్చే మిషను ఒకటి ఉండాలి. పోసిన మందు పేరు, దాని బలం, గుడ్డ పెట్టిన సంగతి, తీసిన సంగతి కేసు షీటులో రాయాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిందన్న అనుమానం వస్తే అదే రోజు ఇంటివాళ్లకు తెలుగులో చెప్పాలి. జిల్లా ఆస్పత్రుల్లో మత్తు డాక్టర్ల, నర్సుల ఖాళీలు నింపాలి. తప్పు జరిగిందని నిజం చెప్పిన చిన్న డాక్టరును, నర్సును వేధించకూడదు. మెట్ల కింద నిలబడి 'నా పేరు చెప్పొద్దన్నా' అన్న ఆ కుర్రాడు రేపు వార్డు మధ్యలో నిలబడి చెప్పగలిగినప్పుడే ఈ రోగానికి సగం మందు దొరికినట్టు.

ప్రమాదం ఎవరికైనా జరుగుద్ది. దొరకూ జరుగుద్ది, కూలికీ జరుగుద్ది. కానీ దొరకు జరిగితే ఏమైంది అని అడిగేవాళ్లు పదిమంది ఉంటారు. కూలికి జరిగితే రాత అంటారు. మన పోరాటం ఆ రాత అనే మాట మీద. కేసు షీటు మీద రాయకుండా దాచినదాన్నే మన నుదుటి మీద రాత అని చెబుతున్నారు.

పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారు అంటుంది అమ్మ. మత్తులో ఉన్న మన మనిషిని ఆ గదిలో ఎవరూ తలుచుకోకపోతే, గది బయట మనం తలుచుకోవాలి. తలుపు తట్టాలి. అడగాలి. గమ్మునుండొద్దు.